నాడె పీల్చిన నోరు

పోయిన వారం మా పాత సేఠ్ కొడుకు ఫోన్ చేశాడు. సూరత్ అమ్రోలిలో వాళ్ల మరమగ్గాల షెడ్డు ఖాళీ చేస్తున్నారట. పాత మగ్గాలన్నీ తుక్కు కింద అమ్మేశారు, వాటి చోట నీళ్లతో పేకను, అంటే అడ్డపోగును, విసిరే కొత్త మిషన్లు వస్తున్నాయి. "దీదీ, ఆప్‌కా వో బోరా అభీ తక్ లటక్ రహా హై. లే జావో, నహీ తో భంగార్‌వాలా లే జాయేగా," అన్నాడు. బోరా అంటే బస్తా. వచ్చి పట్టుకుపోకపోతే దాన్ని తుక్కువాడు పట్టుకుపోతాడట. అతను ఉన్నమాటే అన్నాడు, చూసేవాళ్లకు అది గర్డర్‌కు వేలాడే బస్తానే. అయినా నా గుద్దుడు సంచిని అలా అన్నందుకు నాకు కొంచెం కోపం వచ్చింది. ఆ సంగతి ఇంట్లో చెప్పేలోపే మా నాయిన చెప్పులు వేసుకుని గడపలో నిలబడ్డాడు. "నేను గూడ వస్త," అన్నాడు. ఆయన ఆ షెడ్డులో అడుగుపెట్టి చాలా ఏళ్లయింది. మగ్గాల నూగు ఆయన ఊపిరితిత్తులకు పడదని డాక్టర్ గట్టిగా చెప్పాడు. "ఆ దుమ్ముల నీకేం పని?" అని అమ్మ అడ్డం పడింది. "మగ్గాలే లేవంటుంటె దుమ్ము యాడికెళ్లొస్తదే?" అన్నాడు.  ఇద్దరం ఆటో ఎక్కాం.

మా ఇల్లు ఒకప్పుడు ఆ షెడ్డు మీదే ఉండేది. కింద మగ్గాలు, పైన పనివాళ్ల గదులు. మా పెళ్లిళ్లు, పండగలు, పరీక్షలు అన్నీ ఆ చప్పుడు మీదే జరిగాయి. మగ్గాలు నడుస్తున్నంతసేపు గచ్చు సన్నగా వణికేది, అలమరలో స్టీలు గ్లాసులు తమంతట తామే జరుగుతూ అంచుకు వచ్చేవి. పొద్దున లేవగానే వాటిని వెనక్కి నెట్టడం నా పని. సిరిసిల్ల పక్క మా పల్లె నుంచి చుట్టాలు వస్తే ఒక్క రాత్రికే తల పట్టుకునేవాళ్లు. మేం ఊరెళ్తే ఆ నిశ్శబ్దానికి నిద్రపట్టక లేచి కూచునేవాళ్లం. ఇంట్లో మిషన్ నూనె, కొత్త గుడ్డ, వేడెక్కిన మోటారు కలిసిన వాసన ఒకటి ఎప్పుడూ ఉండేది. అమ్మ ఎంత మూత పెట్టినా పప్పు మీద నూగు తేలేది. "దూది లేని పప్పు మనకు అరగదు," అని నాయిన నవ్వేవాడు. అమ్మ గోడకు ఆనుకుని కండెలు చుట్టేది. నేను స్కూలు నుంచి వచ్చి నాయినకు టిఫిన్ డబ్బా కిందికి తీసుకెళ్లేదాన్ని.

డబ్బా ఇచ్చి ఊరికే వచ్చేదాన్ని కాదు. ఆయన నాలుగు ముద్దలు తినేలోపు నేను నాడెలు సిద్ధం చేసేదాన్ని. తెలియనివాళ్లకు చెప్తాను. నాడె అంటే పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే కొయ్య ముక్క, దాని కడుపులో దారం చుట్టిన కండె ఉంటుంది. కండె అయిపోయినప్పుడల్లా కొత్తది పెట్టాలి. నాడె పక్కన చిన్న కన్నం ఉంటుంది. దారం కొసను లోపలివైపు ఆ కన్నం దగ్గర పెట్టి, బయటి నుంచి పెదాలు ఆనించి, ఒక్క గుక్కలో గాలి పీలిస్తే దారం బయటికి వస్తుంది. 'స్స్' మని చిన్న చప్పుడు. దారంతో పాటు నూనె రుచి, కాస్త నూగు కూడా నోట్లోకి వస్తాయి. నాయిన జీవితమంతా రోజూ అలా పీలుస్తూనే ఉన్నాడు. నాకు అదొక ఆట. పళ్లు ఊడిన వయసులోనే నేర్చుకున్నాను, పళ్లు లేకపోవడం దానికి కలిసొచ్చింది కూడా. పెద్దవాళ్లు మెచ్చుకుంటే ఇంకా గట్టిగా పీల్చేదాన్ని.

నాయినకు ఒక ఊతపదం ఉంది. పోగు తెగినా, సేఠ్ అరిచినా, అన్నం ఆలస్యమైనా, ఆటోవాడు తొందరపెట్టినా, ఆయన నోట వచ్చే మొదటి మాట "జర దం పట్టు." ఆగు, ఓపిక పట్టు అని దాని అర్థం. మా వైపు దమ్ము అంటే ఊపిరి, సత్తువ కూడా అదే, ఆయాసాన్ని కూడా అదే మాటతో అంటారు. ఒక్క మాటతో ఇన్ని పనులు చేయించుకోవడం మావాళ్లకే చెల్లింది. సూరత్‌లో పుట్టి పెరిగిన నాకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కాలేజీలో గుజరాతీ. ఏ భాషలో కోపం వస్తే ఆ భాషలో తిట్టేదాన్ని.

బాక్సింగ్‌కు నేను పెద్ద ఆశయంతో వెళ్లలేదు. కాలేజీలో నా పక్కన కూర్చునే అమ్మాయి తాపీ నది అవతల ఉన్న ఒక హాలుకు తీసుకెళ్లింది. దేశాయ్ సర్ అనే ఆయన అక్కడ సాయంత్రాలు నేర్పేవాడు. పొట్టిగా ఉండేవాడు, ఎప్పుడూ జలుబు చేసినట్టు మాట్లాడేవాడు. హాలు మధ్యలో ఒకే ఒక్క పెద్ద సంచి వేలాడేది, దానికోసం వరస. నా వంతు వచ్చినప్పుడు ఉన్న బలమంతా పెట్టి గుద్దాను. సంచి కొంచెం ఊగి మళ్లీ తన చోటికి వచ్చి నిలబడింది. నేను వెనక్కి రెండడుగులు పడ్డాను. సర్ నవ్వలేదు. "ఫిర్ సే," అన్నాడు, అంతే. నాకు అది నచ్చింది. ఇంట్లో గానీ కాలేజీలో గానీ నన్నెవరూ మళ్లీ కొట్టు అనలేదు.

కొన్నాళ్లకు జిల్లా పోటీల్లో దింపారు. నాయిన పని మానుకుని చూడటానికి వచ్చాడు. మొదటి రౌండు నాదే. రెండో రౌండు సగంలో నా కాళ్లు నిలబడ్డచోటే ఉండిపోయాయి. నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటున్నాను, ఎదుటి అమ్మాయి తీరిగ్గా వచ్చి కొడుతోంది. రెఫరీ ఆపేశాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాయిన టికెట్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు అన్నాడు. "ఇంకొక్క మోక ఇస్త బిడ్డా. రాష్ట్రం సెలక్షన్ల నెగ్గినవా సరే. లేకుంటె ఈ గుద్దుడు బంద్. కామ్‌రేజ్ల మీ చిన్నమ్మోళ్ల ఎంబ్రాయిడరీ కారఖానాల కూసోవాలె." మోక అంటే అవకాశం. నేను సరే అన్నాను. ఆయన బెదిరించడానికి అనలేదు, నాకు తెలుసు. ఒకసారి అన్నమాట ఆయన వెనక్కి తీసుకోగా నేనెప్పుడూ చూడలేదు. అందుకే భయం వేసింది.

ఆ భయం ఇంకా తీరకముందే లాక్‌డౌన్ వచ్చింది. హాలు మూసేశారు. మగ్గాలు ఆగాయి. ఆ రోజు సాయంత్రం అమ్మ అలమర దగ్గర నిలబడి, గ్లాసులు కదలడం లేదని వాటినే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఒక్కొక్క గదే ఖాళీ అయింది. మా పక్క గది మల్లేశం కాక మూటలు కట్టుకుని వచ్చాడు. "రాజన్నా, నడువురాదే, అందరం కలిసి పోదాం," అన్నాడు. నాయిన మామూలుగానే "జర దం పట్టు మల్లేశం," అన్నాడు. మల్లేశం కాక దం పట్టలేదు. కొంతదూరం నడిచి, తర్వాత ఏదో లారీ ఎక్కి, ఊరు చేరానని చాలా రోజులకు ఫోన్ చేశాడు. మేం ఉండిపోయాం. సేఠ్ షెడ్డు తాళం చెవి నాయినకు ఇచ్చి, మగ్గాలకు తుప్పు పట్టకుండా చూడమన్నాడు. నాయిన రోజూ పొద్దున డ్యూటీకి పోయినట్టే దిగిపోయేవాడు. నూనె గుడ్డతో ఒక్కో మగ్గాన్నీ తుడిచి, ఎక్కడివక్కడ ఆగిన పడుగుల మీద దుమ్ము దులిపి, పనివేళ అయ్యేదాకా అక్కడే కూర్చుని పైకి వచ్చేవాడు.

ఒకరోజు పైకి వచ్చి, "కింద గర్డర్ గట్టిగుంది. పాడైన మగ్గం తీసినకాడ జాగ ఖాళీనే ఉంది. సంచి కట్టుకుంటవా?" అన్నాడు. నేను నమ్మలేదు. నన్ను మాన్పించాలనుకునే మనిషి నాకు సంచి కడతానంటున్నాడు. అదే అడిగాను. "మోక ఇస్తనన్న గద. ఇచ్చేటిది సక్కగ ఇయ్యాలె," అన్నాడు. అమ్మ గోనెసంచులు రెండు ఒకదానిలో ఒకటి దూర్చి, పైన తాడిపత్రి, అంటే లారీ మీద కప్పే టార్పాలిన్, కప్పి, దబ్బనంతో కుట్టింది. లోపలికి షెడ్డులో మూలన పడి ఉన్న చిందీ, అంటే కత్తిరింపు గుడ్డ ముక్కలు, దారపు వ్యర్థం. నింపే పని నాయిన చేశాడు. అక్కడే వచ్చింది తంటా. ఆయన జీవితంలో గుడ్డను తాకాగా చుట్టడమే చూశాడు. తాకా అంటే మగ్గం మీంచి దిగిన బట్ట చుట్ట. ఎంత బిగువుగా ఉంటే అంత మంచి తాకా. అదే పద్ధతిలో కాలితో తొక్కి, కర్రతో కూరి, వేలు దిగనంతగా నింపాడు. తట్టి చూసుకుని మురిసిపోయాడు కూడా. నేను మొదటి రోజే నాలుగు గుద్దులు గుద్దేసరికి మణికట్టు వాచిపోయింది. సంచి అడుగు బండలా ఉంది. దేశాయ్ సర్‌కు వీడియో కాల్‌లో చూపిస్తే ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "బేటా, యే బ్యాగ్ హై కి దీవార్?" అన్నాడు, ఇది సంచా గోడా అని. నాయిన మూడు రోజులు నాకేసి చూడలేదు. తర్వాత చెప్పకుండానే సంచి దింపి, అంతా బయటికి లాగి, మధ్యలో గట్టిగా, చుట్టూ వదులుగా మళ్లీ నింపాడు. చేతులకు చుట్టుకోవడానికి బట్ట అంచుల నుంచి కత్తిరించిన పొడుగాటి పట్టీలు తెచ్చి ఇచ్చాడు. అవి బజారులో దొరికేవాటికన్నా బాగుండేవి.

ఇక రోజూ పొద్దున నాయిన మగ్గాలు తుడుస్తుంటే నేను వాటి మధ్య గుద్దేదాన్ని. సర్ నా ఫోన్‌ను ఒక మగ్గం మీద ఆనించి పెట్టించి, అక్కడి నుంచి చూసేవాడు. సంచిని తొయ్యొద్దు, కొట్టి చెయ్యి వెంటనే చెంప దగ్గరికి తెచ్చుకో అనేవాడు. బలం భుజంలో లేదు, వెనక కాలి మడమలో ఉంది, అది తిరగాలి అనేవాడు. సంచి ఊగుతుంటే దాని ఎదురుగా బొమ్మలా నిలబడకు, అది వెనక్కి పోతే నువ్వు ముందుకు, అది ముందుకు వస్తే నువ్వు పక్కకు. ఇవన్నీ మెల్లగా వచ్చాయి. రానిదల్లా ఒక్కటే, ఊపిరి. మూడు నిమిషాల రౌండు, మధ్యలో నిమిషం విరామం. రెండో రౌండు వచ్చేసరికి జిల్లా పోటీలోలాగే గొంతు ఎండిపోయి, పక్కటెముకల్లో పోటు. సర్ ప్రతి గుద్దుకూ "సాస్ ఛోడ్, సాస్ ఛోడ్" అని అరిచేవాడు. నేను గాలి వదులుతున్నాననే అనుకునేదాన్ని.

ఒక పొద్దున అమ్మ టీ తెచ్చింది. ఫోన్‌లోంచి సర్ అరుపు విని, "ఏంది, ఏమంటుండు ఆయన?" అని అడిగింది. రౌండు మధ్యలో ఉన్నాను, ఆలోచించకుండా తెలుగులో చెప్పాను. "ఊపిరి ఇడువుమంటుండమ్మా."

అమ్మ టీ గ్లాసు మగ్గం మీద ఠక్కున పెట్టింది. "గాయన నోట్ల మన్నువడ! కడుపుల పెట్టుకుని సాదుకున్న పిల్లను ఊపిరి ఇడువుమంటడా? దినాలెట్ల ఉన్నయి, ఏం మాట్లాడుతుండు? పెట్టెయ్ ఫోను!"

దేశాయ్ సర్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. మాస్కు లేకుండా ఉన్నందుకు తనను తిడుతోందనుకుని ఇంట్లోనే మాస్కు పెట్టుకున్నాడు. నాయిన నూనె గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. నాకు నవ్వు వచ్చింది గానీ అమ్మ కళ్లు చూసి ఆగిపోయాను. అప్పటికి రోజూ ఎవరో ఒకరు ఊపిరి విడిచిన కబురే వింటున్నాం. ఊళ్లో మేనమామ, పాండేసరలో బట్టలకు రంగులేసే డైయింగ్ మిల్లులో పనిచేసే మా కులపాయన, ఎదురింటి గుజరాతీ అవ్వ. ఆ రెండు మాటలు కలిపి మా ఇంట్లో అనకూడదని అమ్మ అక్కడికక్కడే తీర్మానం చేసింది. బాక్సింగ్ మొత్తం ఆ రెండు మాటల మీదే ఉందని ఆమెకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

ఆ తర్వాత అమ్మ రోజూ కిందికి రావడం మొదలుపెట్టింది. ఆయన మళ్లీ ఆ మాట అంటాడేమోనని కాపలా. సంచికి కొంచెం దూరంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉండేది. అలా ఒకరోజు ఏరుతున్న చెయ్యి ఆపి, నా నోటికేసి చూసింది. "మమతా, నువ్వు గుద్దుతున్నవా, నాడె పీలుస్తున్నవా?" అంది.

నాయిన తుడవడం ఆపాడు. "మళ్లొక్కసారి కొట్టు," అన్నాడు. కొట్టాను. మగ్గాలు ఆగిన షెడ్డులో నా నోటి చప్పుడు నాకే వినిపించింది. స్స్. ఇంకోటి. స్స్. ప్రతి గుద్దుకూ నేను గాలి లోపలికి లాగుతున్నాను. పళ్లు ఊడిన వయసులో నేర్చుకున్నది నోరు మరచిపోలేదు. ఒళ్లు ఏదైనా పని గట్టిగా చెయ్యబోతే పెదాలు బిగుసుకుని పీలుస్తున్నాయి. లోపల ఉన్నది బయటికి పోకుండా పైపైన నింపుకుంటూ పోతే రెండో రౌండులో ఇంకెక్కడ పడుతుంది? సర్‌కు ఇది హిందీలో చెప్పడానికి చాలాసేపు పట్టింది. ముందు నాడె అంటే ఏమిటో చెప్పాలి కదా. విన్నాక ఆయన, "ముఝే లగా జుకామ్ హై," అన్నాడు. తనలాగే నాకూ జలుబనుకున్నాడట.

"మరి ఏం జెయ్యాలె?" అంది అమ్మ. బయటికి వదలాలి అన్నాను, ఆ మాట అనకుండా చేతితో చూపించి. అమ్మ బియ్యం పక్కన పెట్టింది. "ఊదు," అంది. "పొయ్యి ఊదినట్టు ఊదు. తడి కట్టెలు పెడితె ఎట్ల ఊదుతరు? కడుపుల కెళ్లి. గట్ల." తను లేచి, కొంగు నడుముకు చుట్టి, గాలిలోకి ఒకసారి ఊది చూపించింది. మగ్గం మీది నూగు లేచి మా అందరి మీదా పడింది. అంతే, అప్పటినుంచి అదే మాట. దేశాయ్ సర్ కూడా పట్టుకున్నాడు. ఫోన్‌లో "ఊదు, మమతా, ఊదు!" అని గుజరాతీ యాసలో అరిచేవాడు. పాత అలవాటు తేలిగ్గా పోలేదు. అలిసిపోయినప్పుడు మళ్లీ స్స్ అని వచ్చేది, వెంటనే ముగ్గురూ ఒకేసారి ఊదు అనేవాళ్లు. మగ్గాలు మళ్లీ నడిచే వేళకు మూడు రౌండ్లయ్యాక కూడా నేను అమ్మతో మామూలుగా మాట్లాడగలిగేదాన్ని.

మగ్గాలు నడిచాయి గానీ సెలక్షన్లు జరగలేదు. పెడతామన్నారు, వాయిదా వేశారు, మళ్లీ పెడతామన్నారు. నాయిన ఇచ్చిన గడువు ఏమవుతుందోనని నేను అడక్కుండా తిరుగుతుంటే ఆయనే అన్నాడు. "కరెంటు లేని దినాలకు మగ్గం మీద తప్పు వెయ్యరు. జర దం పట్టు." పనివాళ్లు తిరిగి వచ్చారు, మల్లేశం కాక కూడా వచ్చాడు. నేను భోజనం వేళ, మగ్గాలు ఆపిన కాసేపట్లో గుద్దేదాన్ని. మనుషులు డబ్బాలు తింటూ చూసేవాళ్లు. నా చెయ్యి ఆగితే "అయిపోయిందా?" అనేవాళ్లు. వాళ్లకు బదులు చెప్పడానికైనా ఇంకో రౌండు ఆడేదాన్ని.

రెండోసారి రోగం తిరగబడ్డప్పుడు నాయినకు వచ్చింది. జ్వరం తగ్గాక ఆయాసం మొదలైంది. మంచం మీద వెన్నెముక నిటారుగా పెట్టి కూర్చుని, ఒక్కో మాటకూ ఆగేవాడు. రెండు ఆసుపత్రుల్లో మంచం ఖాళీ లేదన్నారు. చివరికి ఒక పెళ్లిళ్ల హాల్లో వేసిన మంచాల్లో ఒకటి దొరికింది. మమ్మల్ని గేటు దాటనివ్వలేదు. ఆయన లోపలికి నడుస్తూ వెనక్కి తిరిగి ఏదో అనబోయి, ఊపిరి అందక చెయ్యి మాత్రం ఊపాడు. దం పట్టు అనబోయాడని మా ఇద్దరికీ తెలుసు. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. అమ్మ నా భుజం పట్టుకుని నిలబడింది కాబట్టి నేను నిలబడాల్సి వచ్చింది.

కొన్ని రోజుల తర్వాత అక్కడి నర్సు వీడియో కాల్ చేసింది. మూడు బంతులు ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి చూపించింది. గొట్టం నోట్లో పెట్టుకుని పీలిస్తే బంతులు పైకి లేవాలట. నాయిన దాన్ని ఊదుతున్నాడట. ఎంత చెప్పినా ఊదుతూనే ఉన్నాడు, బంతులు కదలడం లేదు.  దాదాపు సంవత్సరంగా ఇంట్లో ఊదు, ఊదు అని అరిచింది మేమే. అమ్మ ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది. "ఇగో, ఊదుడు బిడ్డకు. నువ్వు నాడె పీల్చు," అంది. నాయిన డబ్బాను దగ్గరికి తీసుకున్నాడు. గొట్టానికి పెదాలు ఆనించాడు, నాడె కన్నానికి ఆనించినట్టే కొంచెం పక్కగా. స్స్. మొదటి బంతి వణికి, లేచి, పడిపోయింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాతి రోజుల్లో రెండో బంతి కూడా లేచింది. మూడోది ఎప్పటికీ లేవలేదు. రెండింటితోనే ఇంటికి వచ్చాడు.

కానీ మళ్లీ మగ్గం మీదికి పోలేకపోయాడు. మెట్లు ఎక్కడానికే మధ్యలో ఆగాలి. నేను ఎవరూ చెప్పకుండానే కామ్‌రేజ్ పోయి చిన్నమ్మ వాళ్ల కారఖానాలో కూర్చున్నాను. ఓడిపోతే పోవాల్సిన చోటికి ముందే పోయానన్నమాట. పొద్దున బస్సుకు ముందు సంచి, సాయంత్రం బస్సు దిగాక సంచి. సెలక్షన్లు ఆఖరికి వడోదరలో పెట్టారు. మొదటి ఆట గెలిచాను. రెండో ఆటలో మూడు రౌండ్లూ నిలబడ్డాను, ఓడిపోయాను. ఎదుటి అమ్మాయి నాకంటే బాగా ఆడింది. సంచి తిరిగి కొట్టదు కదా, అన్ని నెలలు దానితోనే ఆడేసరికి నా ఎడమ చెయ్యి చెంప దగ్గర ఉండాల్సింది కిందికి జారడం అలవాటైంది. ఆ సందులోంచే ఆమె కొట్టింది. గంట మోగాక నేను రొప్పలేదు. మామూలుగా నడిచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను. తిరుగు బస్సులో మాత్రం ఏడ్చాను.

ఇంటికి వచ్చి డ్రెస్సు మార్చకుండానే పానా తీసుకుని షెడ్డులోకి దిగాను. భోజనం వేళ, మగ్గాలు ఆగి ఉన్నాయి. స్టూలు ఎక్కి సంచిని వేలాడదీసిన గొలుసు బోల్టు విప్పుతుంటే మెట్ల మీద నాయిన దగ్గు వినిపించింది. డాక్టర్ రావద్దన్న చోటికి గోడ పట్టుకుని దిగి వచ్చాడు. "దం పట్టు," అన్నాడు.

"ఓడిపోయిన నాయినా. నెగ్గకుంటె బంద్ అన్నవు. మాటంటె మాట."

"నేను గట్ల దేనికన్న?" కొంచెం ఆగాడు. "జిల్లాల... నువ్వు నోరు తెరుసుకోని నిలవడ్డవు. నా బిడ్డ గట్ల రొప్పుతుంటె... సూడలేక అన్న." మగ్గానికి ఆనుకున్నాడు. మల్లేశం కాక స్టూలు జరిపితే వద్దన్నాడు. "ఊపిరి ఆడకుంటె ఎట్లుంటదో... నాకిప్పుడు ఎరుకే. మూడో రౌండుల రొప్పినవా?"

"లేదు."

"మరింకేంది. బోల్టు బిగియ్."

ఆయన మాట వెనక్కి తీసుకోగా నేను చూసింది ఆ ఒక్కసారే. అది తీసుకోవడం కాదు, నేను చెప్పిందే నీకు సరిగ్గా అర్థం కాలేదు అని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు. బోల్టు బిగించాను. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు సెలక్షన్లకు వెళ్లాను. ఒకసారి రాష్ట్ర జట్టులోకి తీసుకున్నారు గానీ రిజర్వులో కూర్చోబెట్టారు, రింగులోకి దిగలేదు. దాన్ని గురించి గొప్పలు చెప్పుకోను, చిన్నబుచ్చుకోను.

ఇప్పుడు దేశాయ్ సర్ హాల్లోనే పిల్లలకు నేర్పుతున్నాను. మంచి తోలు సంచులు వరసగా ఉన్నాయి, వరసలో నిలబడాల్సిన పని లేదు. గంట ఫోనే కొడుతుంది. పిల్లల మణికట్లు వాచవు. అందుకు సంతోషమే. కానీ సంచి లోపల ఏముందో వాళ్లకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించదు. మాకు మా సంచి లోపలున్న ప్రతి గుడ్డా ఏ మగ్గం మీంచి దిగిందో తెలుసు. మా కొత్త ఇంట్లో గ్లాసులు పెట్టినచోటే ఉంటాయి. నాయినకు ఆ నిశ్శబ్దం ఇంకా అలవాటు కాక ఫ్యాన్ ఎప్పుడూ పెద్ద స్పీడులో పెట్టుకుంటాడు. హాల్లో గుజరాతీ, ఒడియా, మరాఠీ పిల్లలందరూ గుద్దుతూ "ఊదు! ఊదు!" అని అరుస్తారు. ఈ మధ్య ఒక అమ్మాయి తల్లి వచ్చి అది జపాన్ మాటా అని అడిగింది. మా అమ్మ మాట అన్నాను. ఆమె నేను వేళాకోళం చేస్తున్నాననుకుంది.

ఆ రోజు ఆటో దిగి షెడ్డుకు వెళ్లేసరికి మగ్గాలు లేవు. గచ్చు మీద అవి నిలబడ్డ చోట్ల నూనె మరకలు, మధ్యలో మా సంచి. తాడిపత్రి రంగు పోయి, నేను ఎక్కువ కొట్టిన చోట గుంట పడింది. భంగార్‌వాళ్లు ఇద్దరు నిచ్చెన వేసి పానా పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. నాయిన చెయ్యి ఎత్తాడు. "జర దం పట్టుండ్రి," అన్నాడు. తెలుగు రాకపోయినా వాళ్లు ఆగారు. నాయిన సంచి ముందుకు వెళ్లి నిలబడ్డాడు. దాన్ని రెండుసార్లు నింపిన మనిషి, ఎన్నడూ ఒక్క దెబ్బ కొట్టలేదు. కాళ్లు రెండూ ఒకే వరసలో పెట్టాడు, పిడికిలి కూడా సరిగ్గా పట్టలేదు.  ఆయన గుద్దాడు. ఆయన నోట స్స్ మని చప్పుడు వచ్చింది.

"ఊదు నాయినా," అన్నాను.

ఆయన నా వైపు చూసి నవ్వాడు, నవ్వుకు దగ్గు వచ్చింది, దగ్గు ఆగేదాకా సంచిని పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఒక కాలు వెనక్కి వేసుకుని మళ్లీ గుద్దాడు. ఈసారి ఊదాడు.